‘సె’ గుర్తు వేసిన డబ్బా

ఆ ఉదయం టెస్టు గదిలో ఉన్నవి ఇవి. టేకు బల్ల ఒకటి. దాని మీద హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్లు తొమ్మిది, అన్నిటికీ బోగీలకు వేసే ఎర్ర రంగే. ఆడియో ఆసిలేటర్ ఒకటి, వాల్వు వోల్టుమీటరు ఒకటి, ముల్లు కొంచెం వంగిన వాల్వు టెస్టరు ఒకటి. హెడ్‌ఫోన్ల జత ఒకటి. మనుషులు ముగ్గురు: మా ఆఫీసరు, మేస్త్రి, నేను. కుర్చీలు రెండు. నేను నిలబడ్డాను.

ఖరగ్‌పూర్ వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. కాకినాడలో డిప్లమా చేసి, రైల్వేలో టెలికం సెక్షనులో చేరాను. ఇరవై మూడేళ్ళ వయసు, జేబులో రెండు పెన్సిళ్ళు, గళ్ళ నోటుబుక్కు. లోకంలో ఉన్నవన్నీ వరస నంబరు వేసి రాస్తే సగం అర్థమైపోతాయని గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పటికీ కొంత నమ్ముతాను. పోయిన నెలలో మా కంట్రోల్ ఆఫీసు నుంచి ఆఖరి వాల్వు డబ్బా తీసేశారు. వాటి చోట ట్రాన్సిస్టరు సెట్లు వచ్చాయి, అన్నీ ఒకే అచ్చు, ఒకే పుస్తకం. కొత్తగా చేరిన తమ్ముళ్ళు ఆ ఎర్ర డబ్బాలను చూడలేదు కాబట్టి వాటి విషయంలో నేను చేసిన ఒక తప్పు వాళ్ళకు చెప్పాలనిపించింది.

కంట్రోల్ ఆఫీసు పని క్లుప్తంగా చెబుతాను. ఒక్కొక్క కంట్రోలరు ముందు ఒక గ్రాఫు కాగితం ఉంటుంది. చెవులకు హెడ్‌ఫోన్లు ఉంటాయి. తన సెక్షనులోని స్టేషన్లన్నీ ఒకే తీగ మీద మాట్లాడతాయి. ఏ బండి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్ళింది అని స్టేషను మాస్టర్లు చెబుతుంటే ఆయన గీతలు గీస్తూ, దేన్ని ఆపాలో దేన్ని వదలాలో చెబుతాడు. దూరపు స్టేషను గొంతు సన్నగా వస్తుంది, దాని మీద కరెంటు తీగల గుర్రు ఒకటి. అందుకే యాంప్లిఫయర్లు. వాటిని ఎక్కడా కొనలేదు. మా మేస్త్రి బోగీల రేకు ముక్కలు వంచి, పాత రేడియోల ట్రాన్స్‌ఫార్మర్లు మళ్ళీ చుట్టి, ఒక్కొక్కటీ చేత్తో కట్టాడు. కంట్రోలర్లు ఇరవై ఆరుగురు, డబ్బాలు ఇరవై ఆరు. ఎవరి డబ్బా వారిది. షిఫ్టు దిగేటప్పుడు తన డబ్బా ఊడదీసి, బీరువాలో పెట్టి, తాళం వేసుకుని ఇంటికి వెళ్తారు. రిజిస్టరులో మాత్రం ఒకే ఒక్క పంక్తి: యాంప్లిఫయర్, ఇరవై ఆరు.

ఆ పంక్తిని విడదీయడమే నాకు అప్పగించిన పని. స్పేరు వాల్వులు తెప్పించాలంటే ఏ రకం డబ్బాలు ఎన్ని ఉన్నాయో తెలియాలి. ఆఫీసరు బెంగాలీ. మంచి మనిషే గాని ఫారం అంటే ఆయనకు దేవుడితో సమానం.

“రకాలు విడగొట్టు. మూడే,” అన్నాడు హిందీలో, ఫారం చూపిస్తూ.

“నాలుగు తేలితే సార్?”

“గడులు మూడే ఉన్నాయి, దేఖో. మూడింట్లో ఇమడనిది స్క్రాపు.”

మేస్త్రి బీడీ చెవి వెనక నుంచి తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. యాభై దాటిన మనిషి. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబం. బెంగాలీ, హిందీ, ఒడియా మాట్లాడతాడు. తెలుగు మాత్రం తాత దగ్గర నేర్చిన తెలుగే.

ఆఫీసరు వెళ్ళాక అడిగాను. “మేస్త్రి గారూ, వీటికి డ్రాయింగులు ఏమైనా ఉన్నాయాండి?”

“డ్రాయింగులేటి బావూ? వొచ్చినోడి సెవి సూసి కట్టినాను.”

“రకాలు మీరే చెప్పేస్తే నేను రాసుకుంటానండి.”

“నువ్వు డిప్లమా సదివినావు కదా. కనిపెట్టు. నాను కూకుని సూస్తాను.”

ఆ మాటకు నాకు పౌరుషం వచ్చింది. ఇక అడగకూడదని నిర్ణయించుకున్నాను. నా మొదటి తప్పు అదే.

రెండు వారాలు పట్టింది. ప్రతి డబ్బాకీ ఒక పేజీ. వాల్వులు ఎన్ని, రంధ్రాలు ఎన్ని, ట్రాన్స్‌ఫార్మరు చుట్టు ఎటు, లోపలికి ఇంత ఇస్తే బయటికి ఎంత వస్తుంది. మూత లోపల, తెల్ల రంగుతో మేస్త్రి వేసిన తెలుగు అక్షరం కొన్నిటికి కనిపించింది. పదకొండింటికి ఏ అక్షరమూ లేదు. ఎనిమిదింటికి ‘దూ’. ఆరింటికి ‘గో’. ఒక్కదానికి మాత్రం ‘సె’.

‘దూ’ అంటే దూరం అని మొదటి రోజే తేల్చాను. వాటి బలం ఎక్కువ, కాబట్టి సరిపోయింది. ‘గో’ అంటే గోదాం నుంచి తెచ్చిన సామానుతో కట్టినవి అనుకున్నాను. అది గోలట. తీగ మీది గుర్రుమనే గోలను కోసేసే రకం. మేస్త్రి నవ్వి సరిదిద్దాడు. మిగిలింది ‘సె’. అందులో మిగతా వాటికన్నా ఒక వాల్వు ఎక్కువుంది. ఎందుకో తెలియక ‘అదనం’ అని రాశాను. హెడ్‌ఫోన్ దూర్చే సాకెట్టుకు రెండుకు బదులు మూడు రంధ్రాలున్నాయి. ‘సాకెట్టు వేరు’ అని రాశాను. నా మీటరు ప్లగ్గుకు రెండే ముళ్ళు. అవి పట్టిన రెండు రంధ్రాల్లో దూర్చి, అన్నిటినీ కొలిచినట్టే, సెకనుకు వెయ్యి సైకిళ్ళ స్వరం దగ్గర ఒక్కచోట కొలిచాను. మామూలు రకానికీ దీనికీ పెద్ద తేడా రాలేదు.

ఆ డబ్బా యజమాని నన్ను వెతుక్కుంటూ అంతకు ముందే ఒకసారి వచ్చాడు. యాభై ఒకటో రెండో ఉంటాయి. చేతిలో మరమరాల పొట్లం. గుమ్మంలోంచే గట్టిగా మాట్లాడాడు.

“గోదారి ఇంజినీరువి నువ్వేనేటి బావూ?”

“ఇంజినీరు కాదండి, డిప్లమా.”

“ఏదోటిలే. ఇదిగో, మూరీ తిను. నా డబ్బా నీ కాడుంది. కొలుసుకో, సూసుకో, కాయితాలన్నీ నింపుకో. రేపు డూటీ వేళకి మాత్రం మళ్ళీ నాకు ఇచ్చీ. అది లేకపోతే నాను ఆ కుర్సీలో ఒక్క దినం కూకోలేను. దింపేసి ఏ సామాన్ల గదిలోనో పడేస్తారు. ఇంకా ఏడేళ్ళ సర్వీసుంది నాకు.”

“అందులో ఏముందండి అంతగా?”

ఆయన ఒక్క క్షణం నా పెదవుల వైపు చూశాడు. “అలవాటు,” అన్నాడు.

నోటుబుక్కులో ఆ డబ్బా పేజీలో రాశాను: ‘వాడే వారి అభ్యంతరం – అలవాటు.’

చివరి రోజు మేస్త్రి దగ్గరికి వెళ్ళి, పరీక్ష రాసి వచ్చినవాడిలా చెప్పాను. “‘సె’ అంటే సెకండ్. సెకండ్ హ్యాండ్ సామానుతో కట్టింది. అవునాండి?”

మేస్త్రి నన్ను ఒకసారి చూసి, తల దించి, టంకం కర్ర తుడుచుకుంటూ అన్నాడు. “బాగున్నాది బావూ. అలాగే రాసీ.”

రాశాను. ఆఫీసరు మూడు గడుల్లో పదకొండు, ఎనిమిది, ఆరు నింపుకున్నాడు. మిగిలిన ఒక్కదాని ఎదుట ‘సెకండ్ హ్యాండ్’ అని చూసి, నవ్వుతూ ఎర్ర సిరాతో కొట్టేశాడు. సెకండ్ హ్యాండ్ సామాను కంట్రోలు తీగ మీద ఉండకూడదు, ఆ కంట్రోలరుకు మొదటి రకం డబ్బా కొత్తగా కట్టి ఇవ్వమన్నాడు. సాకెట్టు వేరు కాబట్టి హెడ్‌ఫోన్లు కూడా మార్చమన్నాడు. మరో బల్ల దగ్గర ఇంకొకరి చేత కట్టించారు. మేస్త్రి ఆ వారం సెలవులో ఉన్నాడు.

సోమవారం ఉదయం షిఫ్టుకు కొత్త డబ్బాను నేనే తీసుకెళ్ళి తగిలించాను. పాతదాన్ని ముందు రోజే బీరువాలోంచి తీయించారు. కంట్రోలరు దాని కోసం చుట్టూ చూశాడు. నేను ఆర్డరు కాగితం చూపించాను. చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. కోపం తెచ్చుకుంటాడేమో అనుకున్నాను. “సరే, సూద్దాం,” అని కూర్చున్నాడు.

కొత్త పరికరం ఎలా పనిచేస్తుందో గంటసేపు చూసి రిపోర్టు రాయాలి. పక్కన బల్ల మీద కూర్చున్నాను. అయిదు నిమిషాలు గడిచాయో లేదో ఆయన “ఫిర్ బోలో” అన్నాడు. మళ్ళీ చెప్పమని. అవతలి స్టేషను మాస్టరు మళ్ళీ చెప్పాడు. “ఫిర్ బోలో.” అలవాటు కొద్దీ ఒక్కొక్కదానికీ ఒక గీత గీయడం మొదలుపెట్టాను. మొదటి పది నిమిషాల్లో ఏడు గీతలు. ఆయన కుడి చేత్తో హెడ్‌ఫోనును చెవికి అదిమి పట్టుకున్నాడు, తర్వాత రెండు చేతులతో. సాత్ అన్నారా, ఆఠ్ అన్నారా, సాఠ్ అన్నారా, అంటే ఏడా, ఎనిమిదా, అరవయ్యా, అదీ ఆయన గొడవ. తెలియనిది ఒక్కటి కూడా గ్రాఫు మీద వెయ్యలేదు. తేలేదాకా అడుగుతూనే ఉన్నాడు.

పక్క సెక్షను కంట్రోలరు తల తిప్పి అన్నాడు. “ఏటి మావా, అత్తోరింటి కాణ్ణుంచి ఫోనొచ్చినాదేటి? ఒకే మాట పదిసార్లు సెప్పించుకుంటన్నావు.”

ఆయన నవ్వలేదు. ఆ మాట వినపడలేదని నాకు అప్పుడు తట్టింది.

గంట పూర్తయ్యేసరికి గీతలు నలభై ఒకటి. ఒక గూడ్సు బండి ఒక చిన్న స్టేషనులో ఊరికే పద్దెనిమిది నిమిషాలు నిలబడింది. అంతకు మించి ఏ నష్టమూ జరగలేదు. ఆయన లేచి, సూపర్‌వైజరుతో తలనొప్పి అని చెప్పి, రిలీఫ్ మనిషిని అడిగాడు. వెళ్తూ నా భుజం తట్టాడు. ఆయన తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

టెస్టు గదికి పరుగెత్తాను. స్క్రాపు అలమరలో ‘సె’ డబ్బా అట్టడుగున ఉంది, సుద్దతో ఇంటూ గుర్తు వేసి. దాన్ని గదిలోకి వచ్చే కంట్రోలు తీగకు కలిపి, దాని పాత హెడ్‌ఫోన్లు తగిలించి పెట్టుకున్నాను. కుడి చెవిలో మాట పదునుగా వచ్చింది. ఎడమ చెవిలో సూదులు గుచ్చినట్టయింది. తీసేసి, మీటరు ప్లగ్గు విప్పి, మూడో రంధ్రానికి ఒక తీగ కలిపాను. ఈసారి వెయ్యి సైకిళ్ళ దగ్గర ఆగకుండా కింద నుంచి పైదాకా ఎనిమిది చోట్ల కొలిచాను. అది ఒక డబ్బాలో రెండు యాంప్లిఫయర్లు. మూడో వాల్వు అదనం కాదు, ఎడమ చెవికి అది వేరే వాల్వు. రెండు వైపులా సన్న శబ్దాలు పైకి లేస్తున్నాయి, ఎడమవైపు కుడికన్నా నాలుగు రెట్లు. గ్రాఫు కాగితం మీద గీస్తే ఒక మనిషి వినికిడి బొమ్మ తలకిందులుగా వచ్చింది: చెవి ఎక్కడ ఎంత తగ్గిందో అక్కడ డబ్బా అంత లేచింది.

అయిదు గంటలకు సైకిలు మీద తాల్‌బగీచాలో మేస్త్రి ఇంటికి వెళ్ళాను. వాకిట్లో నులక మంచం మీద ఆయన తండ్రి కూర్చుని ఉన్నాడు. ఎనభై ఏళ్ళ ముసలాయన, భుజాలు ఇంకా బలంగా ఉన్నాయి.

“ఎవుల్రా?” అని అడిగాడు.

“మా టెస్టు రూము బావు,” అన్నాడు మేస్త్రి, లావు గొంతుతో, ఒక్కొక్క ముక్కా విడదీసి.

“ఏ ఊరు బావూ?” ముసలాయన నన్నడిగాడు.

“సామర్లకోటండి.”

“అమలకోటా? అదెక్కడున్నాది?”

మేస్త్రి నా వైపు తిరిగాడు. “సూసినావా, ‘సా’ ఎగిరిపోనాది. గొంతు ఇనిపిస్తాది, సన్న అచ్చరాలు ఇనిపించవు. ముప్పై రెండేళ్ళు బాయిలర్ సాపులో రివిట్లు కొట్టినాడు. అక్కడోలందరి సెవులూ ఇంతే. మా ఇంట్లో పుట్టిన పిల్లలందరికీ లావుగా మాటాడ్డం ముందొస్తాది, తరవాతే నడక.”

నేను గ్రాఫు కాగితం చూపించాను. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, సరిగ్గా తిప్పి, కొంచెంసేపు చూశాడు. “ఇలాగుంటాదేటి అది,” అన్నాడు. తను కట్టినదాని బొమ్మ ఆయన చూడటం అదే మొదటిసారి. తండ్రిని బల్ల ముందు కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, సాత్, ఆఠ్, సాఠ్ అని చదువుతూ, ఆయన సరిగ్గా తిరిగి చెప్పేదాకా కండెన్సర్లు మార్చుకుంటూ పోయాడట. అలా కుదిరినదాన్ని కంట్రోలరు చెవికి తగ్గట్టు సర్దాడు.

“మరి సెకండ్ అంటే బాగుందన్నారు కదండి.”

“నువ్వు కనిపెట్టనేదు, కంట్రోలరు బావు బతికిపోనాడు అనుకున్నాను. సెకండంటే పారెయ్యడమని నాకేటి తెలుసు?”

“అయితే ‘సె’ అంటే?”

“సెవిజోడు.”

“చెవిజోడా?”

“అదే. సెవిజోడు. కంటికి కళ్ళజోడుంటే సెవికి సెవిజోడుండదేటి?”

ఎనిమిది నెలలుగా ఆ ఊళ్ళో సెయ్యి, సెప్పు, సూడు అనే మాటలు రోజూ వింటున్నాను. ఆయన నోటితో అని ఉంటే అరక్షణంలో అర్థమయ్యేది. తెల్ల రంగుతో రాసి ఉంది కాబట్టి పుస్తకం చదివినట్టు చదివాను. పుస్తకాల్లో చెవికి ‘చె’ ఉంటుంది. మేస్త్రి బళ్ళోకి వెళ్ళింది మూడు నెలలే. నోటికి ఏది వస్తే అది రాస్తాడు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం టీ కొట్టు వెనక నిలబడ్డాం. కంట్రోలరుకు గ్రాఫు ఇచ్చి, నేను కనిపెట్టినదంతా గట్టిగా, లావుగా చెప్పాను.

“రాస్తావేటి ఇదంతా? రాస్తే నా కుర్సీ పోద్ది.”

“రాయకపోతే డబ్బా స్క్రాపుకు పోతుందండి. అప్పుడూ కుర్చీ పోతుంది. తప్పు రాసి దాన్ని మళ్ళీ లోపలికి తేవడం నా చేత కాదు. డబ్బాతో సహా మిమ్మల్ని పరీక్షించమని అడుగుదాం.”

“తప్పితే?”

“తప్పితే మీరు అక్కడ కూర్చోకూడదండి,” అన్నాను. ఆ మాట అనడానికి నాకు చాలా ధైర్యం కావలసి వచ్చింది.

ఆయన టీ గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. “అవును. కూకోకూడదు. పద. ఇంటికాడ మాత్రం సెప్పకండి.”

ఆఫీసరు నేను చెప్పింది అంతా విన్నాడు. నేను తప్పు కొలిచానని రెండుసార్లు చెప్పించుకున్నాడు, రెండోసారి కొంచెం ఆనందించాడు కూడా. చివరికి ఫారం తిప్పి చూపించాడు. “మూడు గడులు. చెవిటివాడికి గడి లేదు.”

మేస్త్రి తన హిందీలో అడిగాడు. “సార్, మీ కళ్ళజోడు ఒక్కసారి తీసి ఆ ఫారం సదువుతారేటి?”

ఆఫీసరు నిజంగానే కళ్ళజోడు తీశాడు. ఫారాన్ని దగ్గరికీ దూరానికీ జరిపి చూశాడు. మళ్ళీ పెట్టుకుని, ఫోను ఎత్తి, రైల్వే ఆసుపత్రి డాక్టరును అడిగాడు.

డాక్టరు గురువారం మధ్యాహ్నం, బండ్లు తక్కువగా ఉండే వేళకు వచ్చాడు. నంబర్ల జాబితా నేనే తయారు చేశాను. నలభై సంఖ్యలు, సగం సాత్‌లు, ఆఠ్‌లు, సాఠ్‌లు. ఎవరూ చూడకుండా దాన్ని దూరపు స్టేషను మాస్టరుకు బండి గార్డు చేత పంపించాం. ఆయన చదవాలి, ఇక్కడ ముగ్గురు రాయాలి: కంట్రోలరు తన ‘సె’ డబ్బాతో, పోలికకు డాక్టరూ ఆఫీసరూ మామూలు డబ్బాలతో. పక్క సెక్షనుల కంట్రోలర్లు గ్రాఫుల మీద తల వంచుకుని, ఒక చెవి ఇటే పెట్టారు.

కంట్రోలరు కాగితం మీద పెన్సిలు ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు. చేతులు హెడ్‌ఫోన్ల మీదికి ఒక్కసారి కూడా పోలేదు. మేస్త్రి మాత్రం ఒక్కొక్క నంబరుకూ పెదవులు కదుపుతున్నాడు, తనకు ఏమీ వినపడకపోయినా.

మూడు కాగితాలూ నేను దిద్దాను, రెండుసార్లు. ఆఫీసరు ముప్పై ఏడు. డాక్టరు ముప్పై మూడు. కంట్రోలరు ముప్పై తొమ్మిది. ఆయనకు పోయింది ఇరవై ఆరో నంబరు. అది ముగ్గురికీ పోయింది, ఎందుకంటే ఆ సమయానికి స్టేషను మాస్టరు తుమ్మాడు.

“ముప్పై మూడు నాదా?” డాక్టరు తన కాగితం లాక్కుని చూసుకున్నాడు. తర్వాత అక్కడే నిలబడి సర్టిఫికెట్టు రాశాడు. కళ్ళజోడుతో ఫిట్ అని రోజుకు పదిమందికి రాస్తాను, ఇదీ అంతే అన్నాడు. పరికరంతో ఫిట్, ఏడాదికోసారి పరీక్ష, పరికరం మారిస్తే మళ్ళీ పరీక్ష. వెళ్ళేముందు మేస్త్రిని పక్కకు తీసుకెళ్ళి, స్టెతస్కోపుకు ఇలాంటిది ఏదైనా కుదురుతుందా అని మెల్లగా అడిగాడు.

“సూద్దారి సార్,” అన్నాడు మేస్త్రి.

కంట్రోలరు అప్పటిదాకా కూర్చునే ఉన్నాడు. పక్క సెక్షను మనిషి, “మావా, పాసైపోనావు, లెగు,” అన్నాడు మామూలు గొంతుతో. ఈసారి ఆయనకు వినపడింది. “లెగడమెందుకురా, నా డూటీ ఇంకా అవ్వలేదు,” అని గ్రాఫు దగ్గరికి లాక్కున్నాడు.

ఫారంలో నాలుగో గడి స్కేలు పెట్టి నేనే గీశాను. ఆఫీసరు దాని పక్కన సంతకం పెట్టి, “చార్. అయిదు మాత్రం కాదు,” అన్నాడు. శీర్షిక ఏం రాయాలని అడిగితే మేస్త్రి చెప్పినట్టే రాయమన్నాడు. తెలుగులో ‘సెవిజోడు’ అని రాశాను, ‘స’ తోనే.

చిన్నవాళ్ళకు చెప్పదలిచింది ఒకటే. సాకెట్టుకు మూడు రంధ్రాలుంటే మూడూ కొలవండి. అర్థం కాని వాల్వును ‘అదనం’ అని రాయకండి. కట్టినవాడు బతికే ఉంటే వెళ్ళి అడగండి, నవ్వితే నవ్వుతాడు.

తర్వాతి నెలల్లో కంట్రోలర్లు ఒక్కొక్కరే టెస్టు గదికి రావడం మొదలుపెట్టారు, షిఫ్టు దిగాక, తలుపు జారవేసి. “ఊరికే బావూ. నాది కూడా ఓపాలి సూడు,” అనేవారు. ఎనిమిది చోట్ల, రెండు చెవులూ కొలిచేవాణ్ణి. కావలసినవాళ్ళ డబ్బాలను మేస్త్రి విప్పి మళ్ళీ కట్టేవాడు, తెల్ల రంగుతో మూత లోపల అక్షరం వేసేవాడు, డాక్టరు సంతకం పెట్టేవాడు. ఆ ఏడాది చివర నేను ఇచ్చిన జాబితా ఇది. మామూలు: ఎనిమిది. దూరం: ఏడు. గోల: నాలుగు. సెవిజోడు: ఏడు.